ఇరిడియం స్పార్క్ ప్లగ్గులా, మామూలువేనా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా నాన్నగారి పెట్రోల్ కారు మూడు సిలిండర్లది, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు వణుకుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదు. నిన్న స్పార్క్ ప్లగ్గులు (సిలిండర్‌లో పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించేవి) విప్పి చూశాను. రెండు బిస్కెట్ రంగులో శుభ్రంగా ఉన్నాయి. మూడోదానికి పొడి మసి పట్టింది, వేలితో తుడిస్తే కాటుకలా అంటుకుంది.

పాతవాటి మీద ఎన్‌జీకే కంపెనీ పేరు, బీకేఆర్6ఈ అనే నంబరు ఉన్నాయి. షాపాయన బీకేఆర్5ఈ చేతిలో పెట్టి "రెండూ ఒకటే బాబూ, బిగించెయ్" అన్నారు. ఎన్‌జీకేలో అంకె తగ్గితే ప్లగ్గు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది, బాష్ కంపెనీ ప్లగ్గుల్లో లెక్క తిరగబడుతుంది. అందుకే తీసుకోలేదు. ఎండాకాలంలో ఏసీ వేసి, నలుగురితో శ్రీశైలం ఘాట్ ఎక్కే బండికి ఆ ఒక్క అంకె తేడాతో నాకింగ్ (ఇంజిన్ లోపల టకటక కొట్టుకోవడం) వస్తుందా?

మొనకి ఇరిడియం లోహం వాడిన ప్లగ్గుల ధర బాగా ఎక్కువ. మైలేజీ కోసం కాదు, మాటిమాటికీ విప్పే పని తప్పుతుందని అడుగుతున్నా. వాటి మొన చాలా సన్నం కదా, నిప్పురవ్వ దూకే ఆ గ్యాప్ ముట్టుకోకుండా అలాగే బిగించాలా?

అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్క సిలిండర్‌లోనే మసి ఉందంటే తప్పు ప్లగ్గుదా, దానికి కరెంటిచ్చే కాయిల్‌దా, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌దా? ముందు ఏది చూడాలి? నాన్నగారు వచ్చే వారం ఒక్కరే కర్నూలు వెళ్లాలి, దారిలో ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.