మారియోనా, కాంట్రానా, ట్యాంకా? చిన్నప్పటి టీవీ గేమ్‌లో పెద్దపీట దేనికి?

గోపాలపురం గాలి (బరంపురం)

మొన్న ఇక్కడొకరు "మన తరానికి టీవీ గేమ్ అంటే మారియోనే, మిగతావన్నీ దాని వెనకే" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయారు. ఆ మాట రెండు రోజులుగా మింగుడు పడట్లేదు. అందుకే విడిగా చర్చ పెడుతున్నాను. నా ఓటు ట్యాంకుకి, అదే శత్రు ట్యాంకుల నుంచి గద్ద బొమ్మని కాపాడే ఆటకి. ఎందుకో చెప్తాను, కాదనేవాళ్ళు కారణం చెప్పి కాదనండి.

మా ఇల్లు బరంపురం పాత బస్టాండు వెనక. 1997 వేసవి సెలవుల్లో మా మామయ్య విశాఖ నుంచి వస్తూ టీవీ గేమ్ తెచ్చాడు. తెల్లడబ్బా, రెండు రిమోట్లు, పసుపు రంగు క్యాసెట్ ఒకటి. క్యాసెట్ మీద లక్షల ఆటలని అచ్చు వేసి ఉంది. కూర్చుని లెక్కపెడితే ఇరవై కూడా లేవు, మిగతావన్నీ అవే ఆటలు వేరే స్టేజ్ నుంచి మొదలయ్యేవి. జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్ అనే గేమ్ డబ్బాకి మన ఊళ్ళలో అమ్మిన నకళ్ళలో అదొకటని చాలా ఏళ్ళకి తెలిసింది.

పక్కింట్లో ఒడియా వాళ్ళు. వాళ్ళబ్బాయిదీ నాదీ ఒకే ఈడు. వాడికి తెలుగు సగమే వచ్చు, నాకు ఒడియా సగమే వచ్చు. ట్యాంకులో కింద గద్ద ఉంటుంది కదా, దాని చుట్టూ ఇటుక గోడ. నేను ఎడమవైపు, వాడు కుడివైపు. నేను "ఆగరా" అని అరిచేవాణ్ణి, వాడు "రహ, రహ" అనేవాడు. రెండిటికీ అర్థం ఒకటే. నెల తిరిగేసరికి నేను "రహ" అంటున్నాను, వాడు "ఆగరా" అంటున్నాడు.

ఇద్దరు ఆడే ఆటలు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ ట్యాంకులో నా గుండు వాడికి తగిలితే వాడు కాసేపు కదల్లేడు. పొరపాటున నా గుండే గద్దకి తగిలినా ఆట అయిపోతుంది. అంటే పక్కవాణ్ణి నమ్మాలి, పక్కవాడి చేతిని కూడా గమనించుకోవాలి. ఇలాంటి ఆట ఆ క్యాసెట్‌లో ఇంకోటి లేదు.

రాయగడ ఘాట్

గాలి గారూ, మీరు చెప్పింది చదవడానికి బాగుంది. కానీ రెండో రిమోట్ చేతికొచ్చిన వాళ్ళ లెక్క అది. నాకెప్పుడూ దక్కలేదండీ.

మా ఇంట్లో ఇద్దరన్నయ్యలు. గేమ్ పెడితే ఒకటి పెద్దన్నయ్యకి, ఒకటి చిన్నన్నయ్యకి. వాళ్ళ స్నేహితులొస్తే చిన్నన్నయ్యకి కూడా దొరికేది కాదు, ఇక నన్నెవరడుగుతారు? వెనకాల మంచం మీద కూర్చుని చూడ్డమే నా పని. మధ్యాహ్నం వాళ్ళు క్రికెట్‌కి పోయాక, అమ్మ ఓ కునుకు తీసే వేళకి, టీవీ గొంతు పూర్తిగా తగ్గించి నేను పెట్టుకునేదాన్ని. ఒక్కదాన్నే. అప్పుడు ఆడేది మారియోనే. మీ ట్యాంకు నేనూ ఆడి చూశాను, రెండోవాడు లేకుండా రెండు వైపులా ఒక్కదాన్నే కాసుకోవాలంటే అది ఆటలా ఉండదు, కాపలా ఉద్యోగంలా ఉంటుంది.

మారియో నాకు ఆట నేర్పింది, ఒక్క అక్షరం చదవనవసరం లేకుండా. మొదటి స్టేజ్ గుర్తు తెచ్చుకోండి. మెరిసే ప్రశ్న గుర్తు పెట్టె ఉంటుంది. ఎదురుగా పుట్టగొడుగులాంటి బుడంకాయ ఒకటి నడిచొస్తుంది. తగిలితే చస్తారు, ఎగిరితే బతుకుతారు. మొదటిసారి అందరం చచ్చాం. ఆ తర్వాత ఇటుకల మధ్య పెట్టెలోంచి వచ్చే మంచి పుట్టగొడుగు ముందున్న గొట్టానికి తగిలి వెనక్కి మీ మీదికే వస్తుంది, భయపడి తప్పించుకుందామన్నా తగిలేలాగే అమర్చారు. తగిలాక చావకుండా పెద్దవాళ్ళవుతారు. దీన్ని తయారుచేసిన మియామోటో ఈ స్టేజ్‌ని కొత్తవాళ్ళకి పాఠంలా కట్టామని తర్వాత తనే వివరించాడు. మాది తెలుగు మీడియం, చుట్టూ ఒడియా, డబ్బా మీద ఇంగ్లీషు. మూడిట్లో ఏదీ అక్కర్లేకుండా పదేళ్ళ పిల్ల తనంతట తాను నేర్చుకుంది. దానికి మించిన గొప్పతనం ఏముంటుంది?

ఇంకొక్కటి. మా టీవీ నలుపు తెలుపు. తాబేళ్ళు కొన్ని గట్టు చివరికొచ్చి వెనక్కి తిరిగేవి, కొన్ని నేరుగా గోతిలో పడేవి. ఎందుకో తెలియక నోట్‌బుక్కులో గీతలు పెట్టి మరీ లెక్కేశాను. పెళ్ళయ్యాక కలర్ టీవీలో చూస్తే తెలిసింది: వెనక్కి తిరిగేవి ఎర్రవి, పడేవి ఆకుపచ్చవి. పదిహేనేళ్ళు దాచుకున్న ప్రశ్న అది.

బల్లార్షా బొగ్గు

అక్కా, అన్నా, ఇద్దరూ మంచిగ రాసిండ్రు. కానీ తుపాకులతోటి కాల్చుకుంట పోయే కాంట్రా పేరు ఎవ్వరూ ఎత్తకపోతే ఎట్ల?

మాది మహారాష్ట్రల బల్లార్షా, పేపర్ మిల్లు దిక్కు. మా ఇంట్ల గేమ్ లేకుండె. బజార్ల ఒక దుకాణంల గంటకు ఐదు రూపాయలు ఇచ్చి ఆడేటోళ్ళం. ఇద్దరు కలిసి ఆడితే తలా రెండున్నర. మరాఠీ పోరలు, మేము, అందరం ఒకటే బెంచీ మీద. బరంపురం అన్న "రహ" అన్నడు గదా, మా దగ్గర "థాంబ్ రే" అనేది. మూడో స్టేజ్ల జలపాతం ఉంటది. ఒకడు ఎగిరి పైకి పోతే తెర కూడ పైకి జరుగుతది, కింద ఉన్నోడు తెర బయట పడి చస్తడు. అందుకే "థాంబ్, థాంబ్" అని గొంతు పోయేదాక ఒర్లుడు. మీ గద్ద కన్న ఇది పెద్ద పరీక్ష అన్నా. నీ మంచి కోసం నువ్వు ఎగిరితే నీ దోస్తు చస్తడు. గుండ్లు నలుదిక్కుల చెదిరి పోయే ఎస్ గన్ దొరికినప్పుడు ఎవరు తీసుకోవాల్నో గూడ ముందే మాట్లాడుకునేది.

ఎనిమిది స్టేజ్లు ఖతం చేసిన రోజు దుకాణపాయన పైసలు తీసుకోలె.

పర్లాకిమిడి పాత కాపు

తమ్ముడూ, చిన్న ప్రశ్న. ఖతం చేసింది మూడు లైఫులతోనా, ముప్పై లైఫులతోనా?

పైన, పైన, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. కాంట్రా మొదట్లో ఈ వరసలో బటన్లు నొక్కితే మూడుకి బదులు ముప్పై లైఫులు వచ్చేవి, ఇది తెలియని పిల్లాడు మా వీధిలో లేడు. ఎక్కాలు రానివాడికి కూడా ఇది వచ్చు. దీని పుట్టుక తెలుసా? కాంట్రా చేసిన కొనామీ కంపెనీలో హషిమోటో అనే ఆయన గ్రాడియస్ అనే ఆటని 1986లో ఇంటి డబ్బా కోసం మారుస్తూ, ఆట పరీక్షించడానికి తనకే కష్టంగా ఉందని ఈ దొంగదారి పెట్టుకున్నాడు. తీయకుండానే ఆట బయటికొచ్చేసింది. ఆ వరసే 1988లో కాంట్రాలోకి కూడా వచ్చింది. తయారుచేసినవాడి పని తేలిక కోసం పుట్టిన దారి అది. ఆ దారిన వెళ్ళి గెలిచిన గెలుపుని నేను గెలుపనను. మూడు లైఫులతో పూర్తి చేసినవాళ్ళని మాత్రం చేతులెత్తి మొక్కుతాను.

బల్లార్షా బొగ్గు

ముప్పై లైఫులతోనే కాకా, అబద్ధం ఎందుకు చెప్తా. కానీ గంటకు ఐదు రూపాయలు కట్టేటోనికి మూడు లైఫులు అంటే పది నిమిషాల ఆట. మిగతా యాభై నిమిషాలు మొదటి స్టేజే మళ్ళ మళ్ళ ఆడాలె. ఆ వరస లేకుంటే జలపాతం దాటి ఏముందో మాకు ఈ జన్మల తెలవకపోవు. ఇంట్ల డబ్బా ఉన్నోళ్ళకు పట్టింపు చెల్లుతది.

పర్లాకిమిడి పాత కాపు

ఆ మాట నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

ధర్మాబాద్ మిర్చి

చర్చ మధ్యలో అడ్డం వస్తున్న, ఏమనుకోకుండ్రి. మా పిల్లల కోసం మొన్న నాందేడ్‌ల పాత మోడల్ గేమ్ డబ్బా కొన్న, తుపాకితో సహా. బాతుల ఆట పెడితే ఒక్క బాతు పడ్తలేదు. కుక్క లేచి నవ్వుతనే ఉంది. దుకాణంల అడిగితే తుపాకి మంచిగనే ఉంది అంటుండు. నన్ను మోసం చేసిండా?

పర్లాకిమిడి పాత కాపు

మీ ఇంట్లో ఉన్నది కొత్త పలచటి టీవీ అయ్యుంటుంది. దుకాణదారు తప్పు లేదు, తుపాకీ తప్పూ లేదు.

ముప్పై ఏళ్ళు టీవీలు బాగుచేసినవాణ్ణి, కాస్త వివరంగా చెప్తాను. ఆ తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు. వెలుతురు లోపలికి వెళ్తుంది. గొట్టంలో వెలుతురుని పసిగట్టే చిన్న కన్ను ఉంటుంది. మీరు నొక్కగానే రెప్పపాటులో తెర మొత్తం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి పెట్టె మెరుస్తుంది. తుపాకీ కన్ను ముందు చీకటి, వెంటనే వెలుగు చూస్తే తగిలినట్టు లెక్క. పాత గాజు పిక్చర్ ట్యూబు ఆ మెరుపుని అదే క్షణంలో చూపించేది. కొత్త టీవీ బొమ్మని లోపల సర్దుకుని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. అప్పటికి తుపాకీ చూడ్డం అయిపోతుంది. పాత ట్యూబు టీవీ ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే దింపించండి, బాతులు పడతాయి.

మీ పిల్లలకి ఇంకో సంగతి చెప్పండి. ఒక్క బాతు వచ్చే ఆటలో రెండోవాళ్ళు రిమోట్ పట్టుకుని ఆ బాతుని తిప్పొచ్చు. ఇది తెలియక చాలామంది ఊరికే కూర్చున్నారు.

ఆట రాకపోతే క్యాసెట్ తీసి ఊదేవాళ్ళం కదా, దాని గురించి కూడా చెప్పి ముగిస్తాను. ఊదితే పనిచేసిందని అందరూ అనుకున్నారు. పనిచేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ పెట్టినందుకు. కదిపితే పిన్నులు కొత్తచోట ఆనుతాయి. నోటి తడి వల్ల ఆ రాగిపట్టీలకి చేటే తప్ప మేలు లేదు. రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు.

గోపాలపురం గాలి (బరంపురం)

కాపు గారూ, రబ్బరు విద్య మాకు తుపాను నేర్పింది. 1999 అక్టోబరు 17న మా గంజాం మీద తుపాను విరుచుకుపడింది కదా. మా పెంకులు లేచిపోయి అటక మీది డబ్బా, క్యాసెట్ రెండూ తడిశాయి. కరెంటు లేదు, ఆరబెట్టడం తప్ప చేయగలిగింది లేదు. కరెంటొచ్చాక పెడితే తెర మీద చుక్కలే. పక్కింటివాడు తన జామెట్రీ బాక్సులో రబ్బరు తెచ్చి ఒక్కో పట్టీ తుడిచాడు. అది పనిచేసింది. డబ్బాతో వచ్చిన అడాప్టర్ మాత్రం కాలిపోయింది. కొత్తది కొనే డబ్బు ఆ నెల ఎవరింట్లోనూ లేదు.

రాయగడ గారూ, మీకు జవాబు రాయడానికి నిన్నంతా పట్టింది. మాకూ చెల్లెలుంది. మీ పోస్టు చదివాక తనకి ఫోన్ చేసి "నువ్వు ట్యాంకు ఎప్పుడైనా ఆడావా" అని అడిగాను. "ఆడలేదు, కానీ మెరిసే ట్యాంకు ఎన్నోదో నేనే చెప్పేదాన్ని" అంది. గుర్తొచ్చింది. ఒక్కో స్టేజ్‌లో ఇరవై శత్రు ట్యాంకులు వస్తాయి. అందులో నాలుగు, పదకొండు, పద్దెనిమిదో ట్యాంకులు మెరుస్తూ వస్తాయి, కొడితే నక్షత్రమో పారో బాంబో దొరుకుతుంది. వెనకాల కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టి ముందే అరిచేది అది. ఆ లెక్క మేమిద్దరం కనిపెట్టలేదు, తను కనిపెట్టింది. ఇరవై ఏడేళ్ళు మేం కనిపెట్టినట్టే చెప్పుకుంటున్నాను. రిమోట్ ఇవ్వాలని మాకెందుకు తోచలేదో నాకిప్పటికీ తెలియట్లేదు.

అయినా నా ఓటు మార్చుకోను. మారియోలో కూడా ఇద్దరు ఆడొచ్చు, కానీ ఒకరు చచ్చాకే ఇంకొకరి వంతు. పక్కవాడు ఎప్పుడు చస్తాడా అని చూస్తూ కూర్చోవాలి. నాకది నచ్చదు.

రాయగడ ఘాట్

మీ చెల్లెలి సంగతి రాసినందుకు సంతోషం. తనకి నా తరఫున చెప్పండి, తాబేళ్ళ లెక్క వేసినదాన్ని ఇంకొకదాన్ని ఉన్నానని.

వంతు మాట మాత్రం నేనొప్పుకోను. నాకు వంతు లేదు కాబట్టే భూగర్భం స్టేజ్‌లో ఇటుకల కప్పు మీదికెక్కి, అంకెలు చూపించే పై వరస మీద నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళాను. అక్కడ మూడు గొట్టాలు, పైన 4, 3, 2 అని అంకెలు. నేరుగా నాలుగో లోకంలోకి. ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చూడలేదు. సాయంత్రం అన్నయ్యలకి చెప్తే నమ్మలేదు. రిమోట్ లాక్కుని నేను చెప్పినట్టే నడిపి చూశారు. గొట్టాలు కనిపించగానే ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఒక్కదాన్నే ఆడకపోతే ఆ కప్పు మీదికి ఎక్కేదాన్నా? పక్కన ఎవరైనా ఉంటే "ముందుకి పో, టైమైపోతోంది" అనేవాళ్ళు. అందుకే నా ఓటు మారియోకే.

కానీ ఒకటి అడగాలనుంది. ట్యాంకులో మనమే పటం కట్టుకునేది ఉండేది కదా, కన్‌స్ట్రక్షన్ అని. అది అన్నయ్యలు ఎప్పుడూ తెరవలేదు, నాకు తెలిసేసరికి డబ్బా పాడైపోయింది. మీరిద్దరూ ఏం కట్టేవాళ్ళు?

గోపాలపురం గాలి (బరంపురం)

మొదట్లో అందరిలాగే గద్ద చుట్టూ ఉక్కు కట్టేశాం. శత్రువుల గుండ్లు ఉక్కుని పగలగొట్టలేవు కాబట్టి గద్దకి భయం లేదు, పది నిమిషాల్లో విసుగొచ్చింది. తర్వాత మా వీధి కట్టాం. ఎడమ చివర ఇటుకలతో మా ఇల్లు, కుడి చివర వాళ్ళిల్లు, మధ్యలో నీళ్ళ గడులతో కాలువ. మా వీధిలో నిజంగానే మురుగు కాలువ ఉండేది. ట్యాంకు నీళ్ళు దాటలేదు కదా, అందుకని ఒకటే గడి ఖాళీ వదిలి వంతెన అనుకున్నాం. వాళ్ళమ్మ తులసికోట కూడా పెట్టాడు వాడు, చెట్ల గడి ఒక్కటి.

కరెంటు పోతే మొత్తం పోయేది. దాచుకునే వీలు ఆ క్యాసెట్‌లో లేదు. మళ్ళీ మొదటి నుంచి కట్టేవాళ్ళం, ఎప్పుడూ తులసికోటతోనే మొదలుపెట్టేవాడు.