స్టాంపు పేపర్ మీద రాసుకున్న విడాకులు చెల్లుతాయా? కోర్టుకు వెళ్లేముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నా పెళ్లి మా ఊళ్లోనే హిందూ సంప్రదాయం ప్రకారం జరిగి ఏడేళ్లయింది. పాపకు ఐదో ఏడు నడుస్తోంది. మేము హైదరాబాదులో కాపురం ఉండేవాళ్లం. రెండున్నరేళ్లుగా నేను పుట్టింట్లోనే ఉంటున్నాను. నిరుడు రెండు వైపుల పెద్దమనుషులూ కూర్చుని, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద మా ఇద్దరికీ ఇకపై ఎలాంటి సంబంధం లేదని, ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదని రాయించి, సంతకాలు పెట్టించి, నోటరీ చేయించి, నాకు మూడు లక్షలు ఇప్పించారు. పెళ్లిలో మావాళ్లు పెట్టిన ఇరవై కాసుల బంగారం అత్తవారింటి లాకరులోనే ఉండిపోయింది. ఇప్పుడు ఆయనకు మళ్లీ సంబంధాలు చూస్తున్నారని తెలిసింది. అడిగితే ‘విడాకులు అయిపోయాయి కదా’ అంటున్నారు. నిజంగా అయిపోయినట్టేనా? కాకపోతే నేను ఎక్కడికి వెళ్లాలి, ఏం పట్టుకుని వెళ్లాలి? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం

అమ్మా, నేను ఇరవై ఏళ్లుగా ఫ్యామిలీ కోర్టు కేసులు చూస్తున్న న్యాయవాదిని. ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు: విడాకులు కాలేదు. చట్టం దృష్టిలో మీరు ఈ రోజుకీ ఆయన భార్యే. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం జరిగిన పెళ్లిని రద్దు చేసే అధికారం కోర్టుది. పెద్దమనుషులకు గానీ నోటరీకి గానీ ఆ అధికారం లేదు. నోటరీ ముద్ర చెప్పేది ఆ సంతకాలు మీవేనని మాత్రమే. ఇందుకు మినహాయింపు ఒక్కటే. కులాచారం ప్రకారం విడాకులు తీసుకునే పద్ధతి అనాదిగా ఉన్న సముదాయాలలో ఆ ఆచారాన్ని అదే చట్టంలోని 29వ సెక్షన్ కాపాడుతుంది. అయితే అలాంటి ఆచారం తమలో ఉందని, అది చాలాకాలంగా తెగకుండా నడుస్తోందని నిరూపించుకోవలసిన బాధ్యత దాన్ని చెప్పుకునేవారిదే, ఆ నిరూపణ అంత తేలికైన పని కాదు.

కాబట్టి ఆయన ఆ కాగితాన్ని నమ్ముకుని మరో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పైగా భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకోవడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం. ఈ సంగతి మీకు ఎంత ముఖ్యమో, సంబంధం ఇవ్వబోయే ఆ అమ్మాయి తల్లిదండ్రులకు అంతకంటే ముఖ్యం.

ఇలాంటి కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి, పాలిథిన్ కవరులో చుట్టి, కొంగున ముడివేసుకుని తెచ్చిన ఒక తల్లి నాకు ఇప్పటికీ గుర్తున్నారు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి, ఆరుగురు పెద్దల సంతకాలలో రెండు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాగితమే తన విడాకులు అనుకుని ఆమె పదకొండేళ్లు గడిపారు. ఆ పదకొండేళ్లలో భర్త రెండో కుటుంబం పెట్టుకున్నాడు, ఈమెకు, కొడుకుకు రూపాయి రాలేదు. మొదటి ఏడాదిలోనే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె బతుకు మరోలా ఉండేది. అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను ఇంత పొడుగున జవాబు రాస్తాను.

అలాగని ఆ కాగితాన్ని చించిపారేయకండి. విడాకులుగా అది పనికిరాకపోయినా, మీరిద్దరూ ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారో చెప్పే సాక్ష్యంగా పనికొస్తుంది. దానివల్ల ఒక ప్రమాదమూ ఉంది. భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నట్లయితే నెలవారీ భరణం కాదనవచ్చని, పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్‌గా అందరి నోటా నానిన భరణం నిబంధనలోనే ఉంది. 2024 జులై 1 నుంచి అది ఆ చట్టం స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. అవతలి న్యాయవాది మొదట చూపేది ఈ కాగితాన్నే. సంతకం ఏ పరిస్థితిలో పెట్టారో, చదివి వినిపించారో లేదో, ఆ రోజు అక్కడ ఎవరెవరు ఉన్నారో జ్ఞాపకం ఉండగానే తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పాప భరణం సంగతి వేరు. అది పాప హక్కు, మీరు వదులుకుంటున్నానని సంతకం పెట్టినా అది పోదు.

ఇక దారి విషయానికి వస్తే, ఇద్దరికీ విడిపోవాలనే ఉంటే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులు మీకు అన్నింటికంటే మేలైనవి. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండి ఉండాలి, అది మీకు ఎప్పుడో దాటింది. ఇద్దరూ కలిసి పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపల మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో కోర్టు దాన్ని మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కలిపే ప్రయత్నాలన్నీ విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ, మిగిలిన తగాదాలు అన్నీ నిజాయితీగా తేలిపోయి ఉంటేనే ఆ మినహాయింపు అడగవచ్చు. మీ విషయంలో బంగారం, పాప సంగతి ఇంకా తేలలేదు కాబట్టి, తొందరపడి ఆరు నెలలు ఎత్తివేయమని అడగడం మీకే నష్టం.

డబ్బు గురించి ఒక మాట గట్టిగా చెబుతాను. రెండోసారి కోర్టులో నిలబడే వరకు ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అందువల్ల మొత్తం సొమ్ము ముందే పుచ్చుకుని సంతకాలు పెట్టడం గానీ, అన్ని సంతకాలూ పెట్టి తర్వాత ఇస్తారని నమ్మడం గానీ మంచిది కాదు. కొంత మొదటి వాయిదా నాడు, మిగిలినది రెండో వాయిదా నాడు కోర్టులోనే డీడీ రూపంలో చేతికి అందేలా పిటిషన్‌లో రాయించుకోండి. పాప చదువు ఖర్చు, తండ్రి చూడటానికి వచ్చే రోజులు, సెలవుల్లో ఎక్కడుంటుంది, పాస్‌పోర్టుకు సంతకం ఎవరు పెడతారు అనేవి కూడా ‘తర్వాత మాట్లాడుకుందాం’ అని వదలకుండా అందులోనే రాయించాలి.

మరో సభ్యురాలి ప్రశ్న

న్యాయవాది గారూ, నా పెళ్లి విజయవాడలో జరిగింది. భర్త అమెరికాలో ఉంటున్నారు. అక్కడి కోర్టులో విడాకులు వచ్చాయని ఈమెయిల్ పంపారు. నేను అక్కడ ఏ పత్రం మీదా సంతకం పెట్టలేదు, వెళ్లి హాజరు కాలేదు. అది ఇక్కడ చెల్లుతుందా?

సమాధానం

మీరు చెప్పినంతవరకు చూస్తే చెల్లదు. ఈ విషయంలో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు మన తెలుగువారి కేసులోనే వచ్చింది. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న దంపతుల విషయంలో భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టు నుంచి విడాకుల డిక్రీ, అంటే కోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నాడు. నరసింహారావు కేసుగా పేరుపడిన ఆ తీర్పు ఆ డిక్రీని గుర్తించలేదు. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదనే విడాకులు ఇచ్చి ఉండాలని, అవతలి పక్షం తన ఇష్టంతో ఆ కోర్టు అధికారానికి లోబడి కేసులో పాల్గొనడమో, విడాకులకు అంగీకరించడమో జరిగి ఉండాలని చెప్పింది. మీకు వచ్చిన ఈమెయిల్‌ను, జతగా పంపిన పత్రాలను తొలగించకుండా దాచండి. ‘వద్దు’ అనో ‘సరే’ అనో న్యాయవాదిని అడగకుండా జవాబు ఇవ్వకండి, ఆ ఒక్క ‘సరే’ను అంగీకారంగా చూపే అవకాశం ఉంది.

ఒక సభ్యుని ప్రశ్న

అయ్యా, నా భార్య నాలుగేళ్లుగా విడిగా ఉంటోంది, కానీ విడాకులకు ఒప్పుకోవడం లేదు. కలిసి బతకడం కుదరదని తేలిపోయాక కూడా కోర్టు విడాకులు ఇవ్వదా?

సమాధానం

కుదరదన్నది ఒక్కటే కారణంగా ఫ్యామిలీ కోర్టు ఇవ్వలేదు. ఆ కారణం మన చట్టంలో లేదు. 2023 మేలో శిల్పా శైలేష్ కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద తాను ఆ కారణం మీద వివాహాన్ని రద్దు చేయగలనని చెప్పింది, అయితే ఆ అధికారం సుప్రీంకోర్టుకే పరిమితం. మీరు హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఉన్న కారణాలలో ఒకటి చూపాలి. తగిన కారణం లేకుండా రెండేళ్లకు తక్కువ కాకుండా వదిలి ఉండటం అందులో ఒకటి, క్రూరత్వం ఇంకొకటి. ఆమె ఎందుకు వెళ్లిపోయారన్నదే కేసు మొత్తానికి ఆయువుపట్టు అవుతుంది, అందుకని ఆ సంగతి మీ న్యాయవాదికి మీకు అనుకూలమైనంతవరకే కాకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.

మొదట అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. మా నాన్నగారు వెంటనే వెళ్దామంటున్నారు. కేసు ఎక్కడ వేయాలి, ఏం తీసుకువెళ్లాలి? మాకు ఫీజు ఇచ్చుకునే స్తోమత తక్కువ. బంగారం తిరిగి వస్తుందా?

సమాధానం

భార్య తాను ఉంటున్న చోటనే పిటిషన్ వేసుకునే వీలు 2003లో చేసిన సవరణతో వచ్చింది. హైదరాబాదు తిరగనక్కరలేదు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. ఫీజు గురించి దిగులు పడకండి. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరూ ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరం చెబుతారు.

బంగారం మీ స్త్రీధనం. అది అత్తవారింట్లో ఉన్నంత మాత్రాన వారిది అయిపోదని, వారి దగ్గర ఉన్నది నమ్మకం మీద దాచిపెట్టినదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇరవై కాసులు అన్న మాటను కోర్టు నోటిమాట మీద నమ్మదు. కొన్న దుకాణం బిల్లులు ఉంటే తీయించండి. లేకపోతే పెళ్లి ఆల్బమ్ ముందు పెట్టుకుని కూర్చుని, ఏ ఫోటోలో ఏ నగ కనిపిస్తోందో మీ అమ్మగారి చేత చెప్పించి పట్టీ తయారు చేయండి. తలంబ్రాల ఫోటోలో వడ్డాణం, అప్పగింతల ఫోటోలో కాసులపేరు, గాజులు అన్నట్టు ఒక్కొక్క నగకు ఒక్కొక్క ఫోటో దొరికితే, అది వంద మాటల కంటే బలమైన సాక్ష్యం. లాకరు ఏ బ్యాంకులో, ఎవరి పేరు మీద ఉందో రాయండి.

వీటితోపాటు శుభలేఖ, వివాహ ధ్రువపత్రం, పాప జనన ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్, ఆయన జీతం గురించి మీకు తెలిసిన ఏ కాగితమైనా, మీ బ్యాంకు పాస్‌బుక్, పాప బడి ఫీజు రసీదులు తీసుకువెళ్లండి. 2020లో రజనీష్ కేసు తీర్పు తర్వాత, భరణం అడిగిన ప్రతి కేసులోనూ ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరిస్తూ ప్రమాణపత్రం ఇవ్వాలి. భరణం కూడా దరఖాస్తు చేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని అదే తీర్పులో ఉంది, అందువల్ల మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా మీకూ పాపకూ పోయినట్టే. ఆయనతో జరిగిన వాట్సాప్ మాటలు ఉన్న ఫోన్‌ను అమ్మకండి, మార్చకండి. ప్రింటు తీసి ఇస్తే చాలదు, దానికి వేరే ధ్రువపత్రం జతచేయాలి, అసలు ఫోన్ మీ దగ్గర ఉండాలి.

ఒక సంగతి ముందే తెలిసి ఉంటే కంగారు పడరు. ఫ్యామిలీ కోర్టులో న్యాయవాది నిలబడటం హక్కుగా రాదు, కోర్టు అనుమతిస్తేనే. పైగా ముందు మిమ్మల్నిద్దరినీ కలపగలరేమోనని చూడటం ఆ కోర్టు బాధ్యత. కౌన్సెలింగ్ గదిలో న్యాయవాది లేకుండా, రెండున్నరేళ్ల తర్వాత ఆయన ఎదురుగా కూర్చుని మీరే మాట్లాడవలసి రావచ్చు. చాలామంది అక్కడ ఏడుపు ఆపుకోలేక ‘మీరేం చెబితే అదే’ అని వచ్చేస్తారు. మీకు ఏం కావాలో నాలుగు వాక్యాలలో ఇంటి దగ్గరే రాసుకుని, ఆ కాగితం చేతిలో పట్టుకునే వెళ్లండి.

మొదట అడిగినవారు

బుధవారం నాన్నగారితో కలిసి న్యాయసేవాధికార సంస్థకు వెళ్తున్నాను. స్టాంపు పేపర్ అసలు ప్రతి మా ఊరి పెద్దాయన బీరువాలో ఉంది, నా దగ్గర జిరాక్స్ మాత్రమే ఉంది. నిన్న రాత్రి అత్తవారి వైపు బావగారు ఫోన్ చేసి, ఇంకో కాగితం తయారుచేశాం, వచ్చి సంతకం పెడితే ఇంకో లక్ష ఇస్తామన్నారు.

సమాధానం

జిరాక్స్ చాలు, అదే తీసుకువెళ్లండి. అసలు ప్రతి కావాలంటే పెద్దాయనను కోర్టు ద్వారా పిలిపించవచ్చు, ఇప్పుడు వెళ్లి అడిగి ఊళ్లో చర్చకు తావివ్వకండి. కొత్త కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఆ లక్ష ఎందుకు ఇస్తున్నారో, అందులో ఏం రాశారో చూపించమని మెసేజ్ రూపంలో అడగండి. ఆ సంభాషణ ఫోన్‌లో అలాగే ఉంచి బుధవారం అక్కడి న్యాయవాదికి మొదట దాన్నే చూపించండి.