మోంతెకాతీనీ తెర్మే: రాత్రి బసకేనా, ఒక రోజంతా కేటాయించాలా?

మ్యూనిక్ వాసి:
మే నెలలో మా అమ్మానాన్నలను ఇటలీ తీసుకువెళ్తున్నాను. ఫ్లోరెన్స్‌లో గదుల అద్దెలు మాకు అందుబాటులో లేనందున, అక్కడికి పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, రైలు సౌకర్యం ఉన్న, ఖనిజజలాల ఊటలకు పేరుపొందిన మోంతెకాతీనీ తెర్మేలో మూడు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాము. పగలు ఫ్లోరెన్స్, పీసా చూసుకుని పడుకోవడానికి మాత్రమే అక్కడికి చేరాలా, లేక ఒక పూర్తి రోజును ఆ ఊరికే ఇవ్వాలా అన్న విషయంలో మా ఇంట్లో రెండు మాటలున్నాయి. చూసివచ్చినవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

బాటసారి:
ఒక రోజు ఇవ్వనవసరం లేదని నా అభిప్రాయం. వేడినీటి ఊటల ఊరు అనగానే ఆవిరి పొగలు లేచే కొలనులో మెడదాకా మునిగి కూర్చోవచ్చని మేము ఆశపడి వెళ్లాము. అటువంటిది ఊరి నడుమ మాకు దొరకలేదు. లియొపోల్దీనే స్నానశాలను పునరుద్ధరించే పని ఏళ్ల తరబడి అసంపూర్తిగా ఉండిపోయింది. మిగిలినవి స్తంభాల మండపాలు, చెట్లు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ చిత్రశాలకే ఒక పూట చాలనప్పుడు, ఉన్న మూడు రోజుల్లో ఒకటి ఇక్కడ గడపమని పెద్దవారికి ఎలా చెప్పగలం?

ఊటబావి:
బాటసారి గారికి కలిగిన నిరాశ నాకు అర్థమవుతుంది, కానీ ఆ నిరాశకు మూలం ఊరిలో లేదు, ఊరి గురించి మనకు చెప్పినవారి మాటలో ఉంది. మోంతెకాతీనీ ప్రధానంగా మునిగే ఊరు కాదు, తాగే ఊరు. పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగంలో టస్కనీ పాలకుడైన గ్రాండ్ డ్యూక్ పియెత్రో లియొపోల్దో ఇక్కడి ఊటలను క్రమపరచి భవనాలు కట్టించిన తరువాత, కాలేయానికీ జీర్ణకోశానికీ మేలు చేస్తుందన్న నమ్మకంతో ఐరోపా నలుమూలల నుంచి జనం ఈ ఉప్పునీటిని తాగడానికే వచ్చేవారు. తెత్తూచో, రెజీనా, లియొపోల్దీనా, రిన్‌ఫ్రెస్కో అని ఊటలకు వేరువేరు పేర్లున్నాయి; ఒక్కొక్క నీటిలో లవణాల పాళ్లు వేరు, వాటి ప్రభావమూ వేరు. ఉదయం పరగడుపున గ్లాసు చేతపట్టుకుని, వాద్యబృందం వాయిస్తూ ఉండగా, గుక్కగుక్కగా తాగుతూ చెట్ల నీడన మెల్లగా నడవడమే ఇక్కడి చికిత్స. అందుకే ఇక్కడ తోటకు, మండపానికి, నడకదారికి అంత ప్రాధాన్యం లభించింది. వాటిని "మిగిలినవి" అంటే ఊరి ప్రాణాన్నే పక్కన పెట్టినట్లవుతుంది.

ఊగో జొవన్నొత్సీ రూపకల్పన చేయగా 1928లో పూర్తయిన తెత్తూచో భవనాన్ని తీరిగ్గా చూడవలసిందిగా కోరుతున్నాను. నీరు పంచే మండపంలో బజీలియో కషెల్లా చేసిన పింగాణీ పలకల చిత్రాలు బాల్యం నుంచి వార్ధక్యం వరకు మనిషి వయోదశలను చూపిస్తాయి. ఆరోగ్యం కోసం నీరు తాగడానికి వచ్చినవాడి ఎదుట ఆ వరుసను నిలపడంలోని ఆలోచన నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. సంగీతకర్త వెర్దీ తన జీవితపు చివరి దశాబ్దాలలో దాదాపు ప్రతి వేసవీ ఈ ఊరికే వచ్చి, లొకాందా మజ్జోరే అనే బసలో ఉండేవాడు. 2021లో యునెస్కో ఏడు దేశాలకు చెందిన పదకొండు ఊటల పట్టణాలను కలిపి ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు, ఇటలీ నుంచి చోటు దక్కింది దీనికొక్కదానికే.

బాటసారి:
తాగే ఊరన్న వివరణ నాకు కొత్త, దానిని అంగీకరిస్తున్నాను. అయినా ఆ చికిత్సను నిర్వహించే సంస్థ ఆర్థికంగా చితికిపోయిన సంగతి బహిరంగమే. భవనం ఏ రోజున తెరుస్తారో ముందుగా నిర్ధారించుకోకుండా వెళ్లినవారికి మూసిన గేటు మాత్రమే కనిపిస్తుంది. ఆ జాగ్రత్త చెప్పకుండా రోజంతా ఉండమనడం న్యాయం కాదు.

ఊటబావి:
ఆ మాట సరైనదే, నేను ముందుగానే చెప్పవలసింది. ఏ రోజు తెరిచి ఉందో చూసుకుని, దానికి అనుగుణంగా ఫ్లోరెన్స్ చూసే రోజును ముందుకో వెనక్కో మార్చుకోవాలి.

గోదారిగట్టు:
వేడి కావాలనుకునేవారికి పక్క ఊరు మొన్సుమ్మానోలో జూస్తీ గుహ ఉంది. 1849లో సున్నపురాతి గనిలో పనివారికి బయటపడిన ఈ గుహలో సహజమైన వేడి ఆవిరి నిండి ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది కనుక అక్కడి భాగాలకు స్వర్గం, ప్రక్షాళనలోకం, నరకం అని పేర్లు పెట్టారు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా అందులోకి వెళ్లరాదు.

మ్యూనిక్ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి రక్తపోటు ఉన్నందున గుహను విడిచిపెడుతున్నాము. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కొండమీది పాత ఊరు మోంతెకాతీనీ ఆల్తోకు ఆవిడ రాగలరా?

ఊటబావి:
రాగలరు. 1898లో మొదలైన ఫ్యునిక్యులర్ తాళ్ల రైలు ఉంది. ఎర్రటి పెట్టెలు రెండు. ఒకటి దిగుతుంటే దాని బరువు రెండోదానిని పైకి లాగడానికి తోడ్పడుతుంది, దారి మధ్యలో రెండూ పక్కపక్కగా తప్పుకుంటాయి. శీతకాలంలో ఆపుతారు గానీ మే నెలలో నడుస్తుంది. పైన సందులు రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు దారులు కాబట్టి, అమ్మగారిని ఆ పాత ఊరి కూడలి అయిన జూస్తీ చౌకు దాటించకండి. అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోనివ్వండి. కిందికి వచ్చాక చియాల్దే కొనడం మరవకండి; రెండు పలుచటి అప్పడాల వంటి రేకుల మధ్య బాదం, చక్కెర పెట్టి చేస్తారు, పెట్టె మ్యూనిక్ దాకా విరగకుండా చేరుతుంది.