మేనేజరే రావద్దన్నారు, ఇప్పుడు గైర్హాజరు వేశారు

ప్రశ్న (పరకాల బాటసారి)
అందరికీ నమస్కారం. హనుమకొండలోని ఒక వస్త్ర దుకాణంలో రెండేళ్లుగా సేల్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. పరకాల వైపు నుంచి రోజూ బస్సులో వస్తాను. మేడారం జాతరకు మా దారి బస్సులు చాలావరకు మళ్లడంతో వేళకు చేరుకోవడం కష్టమని చెప్పగా, మా మేనేజరు గారు “నాలుగు రోజులు రాకు, యాప్‌లో సెలవు పెట్టకు, పెడితే జీతం పోతది, వీక్లీ ఆఫ్‌లల్ల నేను సర్దుత” అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపారు. తీరా జీతపు చీటీలో ఆ నాలుగు రోజులకూ ఆబ్సెంట్ పడింది. పైగా ఒక రోజుకు రెండు రోజుల చొప్పున, 15,600 రూపాయల జీతంలో 4,800 కోశారు. ఇప్పుడేమో “చెప్పకుండా మానేశాను, క్షమించండి” అని రాసి సంతకం చేయమంటున్నారు. చేయాలా?

జవాబు 1 (ఓరుగల్లు వాసి)
సంతకం చేయకండి. రేపు మీకు ఎదురు నిలిచే కాగితం అదే అవుతుంది. వాయిస్ మెసేజ్ వచ్చిన ఫోన్‌ను మార్చకుండా, చాట్‌ను చెరపకుండా ఉంచుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి.

జవాబు 2 (ఫ్లోర్ సూపర్‌వైజర్)
నేను అవతలి పక్షాన పనిచేసేవాణ్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. సెలవు యాప్‌లోనే పెట్టాలని నియామక పత్రంలో ఉంటే, మేనేజరు నోటిమాట దాన్ని మార్చలేదని యాజమాన్యం వాదిస్తుంది. మీరు యాప్‌లో ఒక్క దరఖాస్తు పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

జవాబు 3 (కాజీపేట వకీలు)
పై మాటలో కొంత నిజముంది, కానీ కోత లెక్క వేరు. గైర్హాజరుకు కోత, రాని కాలానికి ఉండే దామాషాను మించకూడదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమమే ఉంది. పది మందో అంతకన్నా ఎక్కువమందో కూడబలుక్కొని ముందుగా తెలపకుండా మానేస్తే లెక్క వేరు. మీది అది కాదు. కాబట్టి 2,400 ఎలాగూ వెనక్కి రావాలి, మేనేజరు మాట మీద వాదించాల్సింది మిగిలిన 2,400 గురించే.

ఇక క్రమశిక్షణ సంగతి. గైర్హాజరు ఉద్దేశపూర్వకమని రుజువైతేనే అది దుష్ప్రవర్తన అవుతుందని 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కేసు, దుకాణానికి నేరుగా వర్తిస్తుందని అనను. ఆ తర్కం మాత్రం మీ సంజాయిషీలో పనికొస్తుంది. తెలంగాణలో అమలులో ఉన్న 1988 దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన వారిని సహేతుక కారణమూ, నెల నోటీసు లేదా దానికి బదులు జీతమూ లేకుండా తొలగించరాదు. దుకాణం నుంచి జవాబు రాకపోతే కార్మిక శాఖ సహాయ కార్మిక అధికారికి ఫిర్యాదు ఇవ్వండి.

పరకాల బాటసారి
ధన్యవాదాలు. సంతకం చేయలేదు. మెసేజ్ తేదీ రాసి, హాజరు సరిచేయమని లేఖ ఇచ్చి, నకలు మీద దుకాణం ముద్ర వేయించుకున్నాను. ఇంకో ఇద్దరికి మాత్రం నోటితోనే చెప్పారు, వారి దగ్గర ఏ మెసేజూ లేదు.

జవాబు 3 (కాజీపేట వకీలు)
బిల్లింగ్ కౌంటర్ వెనక అంటించే ఆ వారం డ్యూటీ పట్టిక ఇంకా ఉందేమో చూడండి. వారి పేర్లకు ఎదురుగా ఆ నాలుగు గడులు ఖాళీగా ఉంటే, ఆ పట్టిక చింపకముందే ఫొటో తీసుకోమనండి.