పాత డిస్క్‌లో ఫైళ్లన్నీ రీడ్-ఓన్లీ, టిక్ తీసినా మళ్లీ వస్తోంది

అన్నలూ, హనుమకొండలో మా ఇంట్లో కంప్యూటర్‌కి కొత్తగా విండోస్ 11 వేశాం, పాత డిస్క్ డీ డ్రైవ్‌గా అట్లనే ఉంది. అందులో బాపు పొలం కాగితాల స్కాన్లు, కౌలు లెక్కల ఎక్సెల్ ఫైళ్లు, మేడారం జాతర ఫోటోలు ఉన్నాయి. తెరుచుకుంటున్నాయి గానీ ఏ చిన్న మార్పు చేసి సేవ్ కొట్టినా పర్మిషన్ లేదంటోంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ తీసేసి అప్లై కొడతాను, మళ్లీ తెరిస్తే అక్కడే ఉంటుంది. యాసంగి లెక్క రాయమని బాపు రోజూ అడుగుతున్నాడు. డిస్క్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (కాజీపేట నుంచి):
తమ్ముడూ, పర్మిషన్ లేదంటే డిస్క్ పాడైనట్టు కాదు. ఆ రీడ్-ఓన్లీ గడిని వదిలెయ్, అందులో ఉండేది టిక్ కూడా కాదు, చిన్న చతురస్రం, అది దాదాపు ప్రతి ఫోల్డర్‌కీ కనిపిస్తుంది. అసలు సంగతి ఓనర్‌ది, అంటే ఆ ఫైళ్లు ఏ యూజర్‌వని విండోస్ రాసి పెట్టుకుందో అది. పాత విండోస్‌లో నీ యూజర్‌కి ఒక గుర్తింపు నంబరు ఉండేది, కొత్తదాంట్లో పేరు అదే పెట్టుకున్నా నంబరు వేరు, కాబట్టి పొలం మీదే అయినా పట్టా ఇంకా పాత పేరు మీదే ఉన్నట్టు లెక్క. అడ్మిన్ అకౌంట్‌లో ఉండి ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌కి వెళ్లు. పైన ఓనర్ పక్కన చేంజ్ నొక్కి నీ యూజర్ పేరు ఇవ్వు, కిందనే లోపలి ఫోల్డర్లకూ ఫైళ్లకూ ఓనర్ మార్చాలా అనే గడి వస్తుంది, దానికి టిక్ పెట్టడం మర్చిపోవద్దు. అది అయ్యాక సెక్యూరిటీలోనే ఎడిట్ నొక్కి నీ పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ ఇవ్వు. ఫోటోలు ఎక్కువుంటే టైమ్ పడుతుంది, మధ్యలో ఆపకు. సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ మీద మాత్రం ఇది అస్సలు చేయొద్దు, సిస్టమ్ దెబ్బతింటుంది.

మరో జవాబు:
పై అన్న చెప్పింది కరెక్టే. అది చేశాక కూడా సేవ్ కాకపోతే విండోస్ సెక్యూరిటీలో ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ తెరిచి, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (నమ్మకం లేని ప్రోగ్రామ్‌లు ఫైళ్లు మార్చకుండా అడ్డుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే మొత్తం ఆపెయ్యకు, నువ్వు వాడే ప్రోగ్రామ్‌ను అక్కడే అనుమతించు. ఇంకొకటి, అవి భూమి కాగితాలు కాబట్టి ఏం మార్చకముందే పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకో. కాపీకి చదివే పర్మిషన్ చాలు, అది నీకు ఉంది.

ప్రశ్న అడిగినవారు:
కాపీ తీసుకున్నాకే మొదలుపెట్టాను అన్నా. ఓనర్ మార్చి ఫుల్ కంట్రోల్ ఇవ్వగానే ఎక్సెల్ సేవ్ అయింది. గడిలో ఆ చతురస్రం ఇప్పటికీ ఉంది, అయినా అన్నీ పనిచేస్తున్నాయి. ఇద్దరికీ చాలా థ్యాంక్స్.