మిర్చికి జిబ్బరెల్లిక్ కొట్టాక పై ముడత పెరిగింది, మీకూ ఇలాగే అయిందా?

ప్రత్తిపాడు మిర్చి:
2 ఎకరాల తోట. నాటిన 40 రోజులకు కొమ్మ సాగాలని జిబ్బరెల్లిక్ ఆమ్లం కొట్టా, యూరియా కూడా వేశా. వారంలో చేను కళకళలాడింది. ఆ మురిపెం ఎన్నాళ్లో లేదు. చిగురాకులు దొన్నెల్లా పైకి ముడిచాయి. పూలు తెల్ల కాగితం మీద దులిపితే నల్ల తామర పురుగులు పరుగులు. ఏమీ కొట్టని పక్క చేలో ఇంత లేదు. 2021లో ఈ పురుగు వల్లే తోట దున్నేశాం, అందుకే భయం. మందు వల్లేనా?

బాపట్ల పాత విద్యార్థి:
అన్నా, యూరియా ఎక్కువైతే ఆకు లేతబడి పురుగు చేరుతుంది, ముందు అది చూడండి. కానీ మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. మైక్ 2 అనే ప్రోటీన్ రక్షణ జన్యువులను పనిలోకి దింపుతుంది. మామూలప్పుడు జాజ్ ప్రోటీన్లు దాన్ని కదలనివ్వవు. పురుగు ఆకును గాయపరిస్తే జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను ఊరుతుంది, జాజ్‌లు విరిగిపోతాయి, మైక్ 2 పనిలో పడుతుంది. ఇటు డెల్లా ప్రోటీన్లు మొక్క సాగకుండా ఆపుతాయి, జిబ్బరెల్లిన్ (మీరు కొట్టిన జిబ్బరెల్లిక్ ఆమ్లం ఈ రకం హార్మోనే) తగిలితే అవి పోతాయి. కిటుకంతా ఇక్కడే: డెల్లాలు జాజ్‌లను కూడా పట్టి ఉంచుతాయి. డెల్లాలు పోతే జాజ్‌లకు తీరిక దొరికి మళ్లీ మైక్ 2 మీద పడతాయి. కొమ్మ సాగుతుంది, పురుగుకు ఎదురునిలిచే సత్తువ తగ్గుతుంది. ఇది అరబిడాప్సిస్ అనే ఆవాల జాతి చిన్న మొక్కలో తేల్చారు.

తెనాలి వరి:
మా నారుమడిలో కొన్ని మొక్కలు పాలిపోయి, మిగతావాటికంటే పొడుగ్గా, సన్నగా లేచి చచ్చిపోయేవి. ఆ తెగులు బూజు వదిలే పదార్థం వల్లే మొక్క అలా సాగుతుందని 1926లో కురోసావా అనే జపాన్ శాస్త్రవేత్త చూపించాడు. జిబ్బరెల్లిన్ కథ అక్కడే మొదలు. ఇంతకీ షాపులో సాలిసిలిక్ ఆమ్లం కొట్టమంటున్నారు, పురుగుకు పనిచేస్తుందా?

బాపట్ల పాత విద్యార్థి:
వద్దు బాబాయ్. సాలిసిలిక్ కూడా మొక్కలో రక్షణ హార్మోనే, కానీ ఎక్కువగా బతికున్న కణం మీద బతికే తెగుళ్ల వైపు పనిచేస్తుంది. అది గట్టిగా లేస్తే జాస్మోనిక్ దారి అణుగుతుంది. తెల్లదోమ మొక్కను మోసం చేసేది ఈ ఒడుపుతోనే. పోనీ జాస్మోనిక్ కొడదామన్నా ఎదుగుదల తగ్గుతుంది, కాపు మీద పడుతుంది.

ప్రత్తిపాడు మిర్చి:
అర్థమైంది తమ్ముడూ. యూరియా ఆపేశా, నీలం జిగురు అట్టలు కట్టా. ఈసారి 20 సాళ్లకు ఏ గ్రోత్ మందూ కొట్టకుండా వదులుతున్నా. కొత్త చిగురు రాగానే రెండు వైపులా ఫోటోలు పెడతా.