యావజ్జీవం అంటే ఎన్నేళ్లు?

పదాలపొది: అత్యాచారం కేసులో తీర్పు వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వింటున్నాను. వార్తలో 'యావజ్జీవ కారాగార శిక్ష' అని ఉంటుంది. చదివినవాళ్లు 'అంటే పద్నాలుగేళ్లకు బయటికొచ్చేస్తాడు, ఇదీ ఒక శిక్షేనా' అంటారు. ఆ వెంటనే 'ఉరి తీయాలి' అంటారు. యావత్ + జీవం. బతికి ఉన్నంత కాలం అని తప్ప ఇంకో అర్థం రాదు. యావదాస్తి అంటే ఆస్తిలో కొంత అని ఎవరూ అనుకోరు. యావన్మంది అంటే పదిమంది అనీ అనుకోరు. జైలు దగ్గరికి వచ్చేసరికి ఈ 'యావత్' పద్నాలుగు ఎలా అయింది? ఫలానావాణ్ని ఏం చేయాలన్న చర్చ మాత్రం ఇక్కడ వద్దండీ. మాట సంగతి చూద్దాం.

పాతబడి: సంధి మీరు చెప్పినదే. సత్ + జనుడు సజ్జనుడు అయినట్టే ఇదీ శ్చుత్వ సంధి. సమాసం అవ్యయీభావం, యథాశక్తి, ప్రతిదినం వరసలోది. ఒక్కటి కలుపుతాను. మా చిన్నప్పుడు పెద్దవాళ్ల నోట ఈ మాటే లేదు, 'ద్వీపాంతరం పంపారు' అనేవారు. చట్టంలో ఆ శిక్షను తీసేసి యావజ్జీవ కారాగారం పెట్టింది 1955 సవరణతో. ద్వీపాంతరం అంటే అండమాన్ కళ్లముందు కనిపించేది, ఎన్నేళ్లు అని ఎవరూ అడిగేవారు కాదు. వెళ్లినవాడు వెళ్లినట్టే అనుకునేవారు.

నైట్‌డెస్క్: నేను చాలాకాలం పేపరు డెస్కులో పనిచేశాను. యావజ్జీవం, జీవిత ఖైదు, రెండూ వాడేవాళ్లం. ఏది పెట్టాలో తేల్చేది అర్థం కాదు, శీర్షికలో మిగిలిన చోటు. సింగిల్ కాలమ్ అయితే జీవిత ఖైదు. 2013 తర్వాత 'తుదిశ్వాస విడిచే వరకు జైలు' అని మూడోది వచ్చి చేరింది. రిపోర్టర్ అలా రాసి పంపితే అలాగే పోయేది. మొదటి రెండింటికీ దీనికీ తేడా ఏమిటని డెస్కులో ఎవరూ అడగలేదు. ఇక్కడ లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కోర్టుమెట్లు: ఉన్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పొది గారూ, చట్టం మీ వ్యాకరణం వైపే ఉంది. గాంధీ హత్య కేసులో శిక్షపడ్డ గోపాల్ గాడ్సే 'నా గడువు అయిపోయింది, వదలండి' అని వెళితే, 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా, ఇన్నేళ్లు గడిస్తే దానంతటదే ముగిసే శిక్ష కాదు, మధ్యలో వదిలిపెట్టే అధికారం ప్రభుత్వానిది అని చెప్పింది. ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది.

పద్నాలుగు వచ్చింది ముఖ్యంగా 1978లో పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో చేర్చిన 433ఎ సెక్షన్ నుంచి. ఇప్పుడు అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 475. ఉరి కూడా వేయదగిన నేరానికి యావజ్జీవం పడితే, లేదా ఉరి తగ్గి యావజ్జీవం అయితే, కనీసం పద్నాలుగేళ్లు లోపల గడపకుండా వదలడానికి వీల్లేదు అంటుందది. అంతకుముందు కొన్నిచోట్ల ఖైదీలను మరీ తొందరగా వదిలేస్తున్నారని దాన్ని తెచ్చారు. ప్రభుత్వం చేతులు కట్టడానికి పెట్టిన కింది హద్దు అది. జనం దాన్ని పైహద్దు చేసుకున్నారు.

ఇంకో తమాషా. ఇరవై అనే అంకె కూడా తిరుగుతూ ఉంటుంది. అది లెక్కల కోసం పెట్టింది. నేరానికి ప్రయత్నం మాత్రమే జరిగితే గరిష్ఠ శిక్షలో సగం వేయవచ్చు. యావజ్జీవంలో సగం ఎంత? అది చెప్పడానికి 'భిన్నాలు లెక్కగట్టేటప్పుడు యావజ్జీవాన్ని ఇరవై ఏళ్లుగా తీసుకోవాలి' అన్నారు. పాత శిక్షాస్మృతి ఐపీసీలో అది 57వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 6వ సెక్షన్. అత్యాచారయత్నానికి పదేళ్లు అన్న లెక్క అలా వచ్చిందే. భిన్నం లేనిచోట ఈ ఇరవైకి పనిలేదు.

నైట్‌డెస్క్ గారు అడిగిన మూడో మాట అసలు చిక్కు. 2013లో చట్టం మార్చినప్పుడు కొన్ని నేరాల దగ్గర 'యావజ్జీవ కారాగారం, అంటే ఆ వ్యక్తి సహజ జీవితంలో మిగిలిన కాలమంతా' అని రాశారు. ఇప్పటి న్యాయ సంహితలో 64వ సెక్షన్ చూడండి. మొదటి ఉపవిభాగం మామూలు అత్యాచారానికి: పదేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా. ఇక్కడ వివరణ లేదు. రెండోది పోలీసు తన అధికారాన్ని వాడుకుని చేసినప్పుడు, ఆసుపత్రిలో సిబ్బంది రోగి మీద చేసినప్పుడు, అలాంటివాటికి: అదే పదేళ్లు, అదే యావజ్జీవం, కానీ పక్కన 'అంటే మిగిలిన జీవితమంతా'. సామూహిక అత్యాచారానికి 70వ సెక్షన్‌లో ఇరవై ఏళ్ల నుంచి మొదలు, అక్కడా ఈ వివరణ ఉంది.

పదాలపొది: అంటే తెలుగులో చదివితే 'బతికున్నంత కాలం, అంటే బతికున్నంత కాలం' అన్నమాట! ఒక మాటకు దాని అర్థాన్నే మళ్లీ జతచేయాల్సి వచ్చిందంటే, ఆ మాట మీద చట్టం రాసినవాళ్లకే నమ్మకం పోయినట్టు కదా.

కోర్టుమెట్లు: నమ్మకం పోలేదు, జస్టిస్ వర్మ కమిటీ కావాలని చేయమన్న పని అది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత వేసిన కమిటీ. నెల తిరక్కుండా, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి ఉరి వద్దు అంది. దాని బదులు అతి ఘోరమైన నేరాలకు యావజ్జీవం అంటే నిజంగా జీవితాంతం అని చట్టంలోనే రాయమంది. ప్రభుత్వం ఆ వివరణా తీసుకుంది, కొన్ని సందర్భాలకు ఉరీ చేర్చింది. 2018లో పన్నెండేళ్లలోపు పిల్లల మీద నేరానికి కూడా ఉరి వచ్చింది. మామూలు అత్యాచారానికి కనీస శిక్షను ఏడు నుంచి పదేళ్లకు పెంచిందీ అప్పుడే.

నైట్‌డెస్క్: 2025 జనవరి 20 నాకు బాగా గుర్తు. కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రి డాక్టర్‌పై అత్యాచారం, హత్య కేసులో సియాల్దా కోర్టు 'మరణించే వరకు జైలు' అంది. ఆ సాయంత్రమంతా 'యావజ్జీవమేనా, ఉరి లేదా' అనే వినబడింది. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఉరి కావాలంది. 'మరణించే వరకు' అన్న ముక్క ఎవరి చెవినీ పడలేదు.

కొత్తపాఠకురాలు: నాకు చట్టం తెలియదు. మీరంతా జనం తప్పుగా విన్నారంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. 2002 గుజరాత్ అల్లర్ల నాటి బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసులో యావజ్జీవం పడ్డ 11 మందిని 2022 ఆగస్టు 15న వదిలారు. స్వీట్లు పెట్టారు, దండలు వేశారు. ఆవిడ మళ్లీ సుప్రీంకోర్టుకు ఎక్కితే తప్ప వాళ్లు తిరిగి లోపలికి వెళ్లలేదు. అదైనా 2024 జనవరిలో. వ్యాకరణం ప్రకారం యావత్ అంటే మొత్తమే కావచ్చు. ఆవిడకు మాత్రం దాని అర్థం పదిహేనేళ్లు, ఒక గేటు తెరుచుకోవడం. జనం నిఘంటువు చూసి మాట్లాడరు, జరిగింది చూసి మాట్లాడతారు.

పదాలపొది: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదండీ, మీదే న్యాయం. అయితే జరిగింది చూసి ఎక్కువ శిక్ష అడగడం ఒకటి, మాట అర్థం కాక అడగడం ఇంకొకటి. నా గోల రెండోదాని గురించి.

కోర్టుమెట్లు: పాఠకురాలు గారూ, అక్కడ సుప్రీంకోర్టు విడుదలను కొట్టేసింది యావజ్జీవం మధ్యలో వదలకూడదని కాదు, ముఖ్యంగా వదిలింది తగిన ప్రభుత్వం కాదని. విచారణ జరిగింది మహారాష్ట్రలో కాబట్టి ఆ అధికారం గుజరాత్‌కు లేదంది. మీకు ఇంకా కోపం తెప్పించే సంగతి చెప్పనా? 64(1) కింద ఉరికి చోటు లేదు కాబట్టి, దాని కింద పడిన యావజ్జీవానికి 475 చెప్పే పద్నాలుగేళ్ల కింది హద్దు కూడా వర్తించదు. ఎంత కాలానికి వదలాలన్నది రాష్ట్రాల నియమాల మీద ఆధారపడుతుంది. చాలా రాష్ట్రాలు ఇలాంటి నేరాలవాళ్లను విడుదల జాబితాలో చేర్చవు, అది వేరే సంగతి.

పాతబడి: మరి పేపర్లో 'మూడు యావజ్జీవ శిక్షలు' అని రాస్తారే? ఒకడికి మూడు జీవాలా?

కోర్టుమెట్లు: మాస్టారూ, సుప్రీంకోర్టూ 2016లో ఇదే అంది. మనిషికి ఒకటే జీవితం కాబట్టి యావజ్జీవాలు ఒకదాని తర్వాత ఒకటి నడవవు, అన్నీ కలిసే నడుస్తాయి. శీర్షికలో మూడు అని చదివి ఎక్కువ పడిందని సంతోషించేవాళ్లున్నారు. ఒక నేరం అప్పీలులో కొట్టుకుపోతే మిగతావి నిలబడతాయి, దాని ఉపయోగం అంతవరకే.

పదాలపొది: 'కఠిన కారాగారం' సంగతి కూడా ఇలాంటిదే. చీకటి కొట్టు, సంకెళ్లు అనుకుంటారు. చట్టంలో దానర్థం పని చేయించే జైలు, అంతే. తెలంగాణలో జైళ్లశాఖ బంకుల్లో పెట్రోలు పోసేది కూడా ఖైదీలే. 'శ్రమతో కూడిన జైలు' అంటే సరిపోయేది. 'కఠిన' అన్నామంటే చదివేవాళ్ల ఊహ ఎటో పోతుంది.

కొత్తపాఠకురాలు: శిక్ష ఎంత అన్నదాని మీదే ఇంత చర్చ. అసలు శిక్ష పడేది ఎందరికి?

కోర్టుమెట్లు: జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో అత్యాచారం కేసుల్లో శిక్ష పడింది 2018లోనూ, 2022లోనూ 27 శాతం దగ్గరే ఉంది. 2013లో, 2018లో పెంచిన శిక్షలు ఆ అంకెను పెద్దగా కదపలేదు. నిందితుల్లో తొంభై శాతానికి పైగా తెలిసినవాళ్లే. బంధువో, పక్కింటివాడో ఉరికంబం ఎక్కుతాడంటే ఫిర్యాదు ఇవ్వొద్దని ఇంట్లోనే బతిమాలతారు. కోర్టులో సాక్షి వెనక్కి తగ్గడం నేను చూసేది ఇక్కడే. 2019 డిసెంబరులో ఆంధ్ర అసెంబ్లీ దిశ బిల్లు చేసింది: ఉరి, 21 పనిదినాల్లో తీర్పు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అందులో నాకు ఉరి కన్నా రెండోదే ముఖ్యంగా కనిపించింది, 21 రోజులు అయ్యే పని కాకపోయినా.

నైట్‌డెస్క్: సరే, డెస్కులో ఇప్పుడున్న పిల్లలకు ఏం చెప్పమంటారు? నా మట్టుకు నేను ఇలా అనుకుంటున్నాను. 64(1) కింద అయితే 'యావజ్జీవం'. తీర్పులో 'మిగిలిన జీవితమంతా' అని ఉంటే శీర్షికలోనే 'చనిపోయేదాకా జైలు'. ఇన్నేళ్లదాకా వదలొద్దని హైకోర్టు, సుప్రీంకోర్టు గడువు కడితే ఆ అంకె తప్పక రాయాలి. అలా గడువు కట్టే అధికారం కింది కోర్టులకు లేదని 2015లోనే తేలింది కాబట్టి, కింది కోర్టు అలా అందని రిపోర్టర్ రాస్తే ఒకసారి ఫోన్ చేసి అడగాలి.

పాతబడి: 'తుదిశ్వాస' మాత్రం తీసేయండి నాయనా. అది పెద్దవాళ్లు పోయినప్పుడు రాసే మాట.

పదాలపొది: మాస్టారి మాటే నాదీ. ఇంకొకటి మిగిలింది. 'రెమిషన్'కు మీ పేపర్లన్నీ 'క్షమాభిక్ష' అంటున్నాయి. క్షమించడం వేరు, గడువు తగ్గించడం వేరు. రెమిషన్‌లో నేరం అలాగే ఉంటుంది, శిక్షా అలాగే ఉంటుంది, లోపల గడపాల్సిన కాలం తగ్గుతుంది. 'క్షమాభిక్ష' అన్నప్పుడు బాధితురాలికి ఎలా ఉంటుంది? ఆవిడ తరఫున ఎవరు క్షమించారు?

నైట్‌డెస్క్: 'శిక్ష తగ్గింపు' అందామా?

కోర్టుమెట్లు: దాన్ని అప్పీలులో పైకోర్టు తగ్గించినప్పుడు వాడుతున్నారు. రెండూ కలిసిపోతాయి.

పాతబడి: 'గడువు మినహాయింపు'?

కొత్తపాఠకురాలు: 'ముందస్తు విడుదల' అనండి. అక్కడ జరిగేది అదేగా.